అమ్మానాన్నోళ్లు కాశీ పోతున్నరు, జేబుదొంగల నుంచి పైసలు, ఫోన్లు, పుస్తెలు ఎట్ల కాపాడుకోవాలె?

దేవరకొండ_చిన్నోడు (ప్రశ్న)

అన్నలకు, అక్కలకు నమస్తే. అమ్మ, నాన్న, పెద్దమ్మ, ఇద్దరు మేనత్తలు, బాబాయి కొడుకుతోటి కలిపి ఊరోళ్లు ఇంకో ఆరుగురు, మొత్తం పదకొండు మంది కార్తీకంల కాశీ పోతున్నరు. ఒక్క మా బాబాయి కొడుకు తప్ప అందరూ 55 నుంచి 70 ఏండ్లోళ్లే. దానాపూర్ ఎక్స్‌ప్రెస్‌ల స్లీపర్ టికెట్లు తీసుకున్నం. మొగల్‌సరాయ్‌ల దిగి ఆటోల కాశీకి పోతరు, ఐదు రాత్రులు తెలుగోళ్ల సత్రంల ఉంటరు.

మనిషికి ఎనిమిది వేల లెక్కన 88 వేలు జమైనయి. అవన్నీ ఒక్క సంచిల ఏస్కొని నేనే పట్టుకుంట అంటడు నాన్న. అమ్మ పుస్తెలతాడు తీయనంటది. మేనత్తలు ఏటీఎం కార్డు ఫోను కవర్ల పెట్టుకుంటరు, పిన్ను నంబరు కూడా అండ్లనే చీటి మీద. గుడి లోపలికి ఫోన్లు రానియ్యరంట, మరి ఎక్కడ పెట్టి పోవాలె? గంగల మునిగేటప్పుడు బట్టలు, పైసలు ఎవరు చూడాలె? ఒకవేళ పోతే ముందుగాల ఏం చేయాలె?

"జాగ్రత్త నాయనా" అని చెప్తే వాళ్లు తలకాయ ఊపుతరు, అంతే. చేతికి చిక్కేటట్టు ఏం చేయాలెనో చెప్పండి. ప్రింటు తీసి చేతుల పెడ్త.

---

పాలమూరు_పట్టాలు

తమ్ముడూ, నేను రైలు వరకే చెప్తాను. ఘాట్ల సంగతి తెలిసినవాళ్లు తర్వాత అందుకుంటారు.

మొదటి ప్రమాదం కాశీలో కాదు, మన హైదరాబాద్‌లోనే. పొద్దున పూట రైలు, అంటే దేవరకొండ బస్సు దిగి ఎంజీబీఎస్ బస్టాండ్ నుంచి సికింద్రాబాద్ చేరే టైముకు సిటీ బస్సుల్లో కాలు పెట్టే సందుండదు. పదకొండు మంది, ఇరవై సంచులు, ఫుట్‌బోర్డు మీద తోపులాట. అది వద్దు. ఎంజీబీఎస్ దగ్గరే మెట్రో ఉంది, గ్రీన్ లైన్ ఎక్కితే మారకుండా సికింద్రాబాద్ వెస్ట్‌లో దిగొచ్చు. లేదంటే రెండు ఆటోలు మాట్లాడుకోండి. టికెట్ మీద ఏ స్టేషన్ రాసి ఉందో కూడా చూసుకోండి. సికింద్రాబాద్‌లో పనులు జరుగుతున్నందున కొన్ని రైళ్లను చర్లపల్లికి మార్చారు. ఆఖరి నిమిషంలో ఉరుకులు పెట్టేవాళ్లంటే జేబుదొంగకు పండగ.

ఇక బోగీ తలుపు. ఎక్కే మనిషి ఒక కాలు మెట్టు మీద పెట్టి రెండు చేతులతో కమ్మీలు పట్టుకుంటాడు. అప్పుడు అతని వెనక జేబు, భుజానికి వేలాడే సంచి సరిగ్గా కింద నిలబడ్డవాడి ఛాతీ ఎత్తులో ఉంటాయి. చేతులు రెండూ కమ్మీకే, చూపంతా పైకే. పైన ఇంకొకడు "ఇది మా బోగీ కాదు" అంటూ అడ్డంగా నిలబడితే ఆ అర నిమిషంలో పని అయిపోతుంది. పైవాడు, కిందవాడు ఒక జట్టే. కాబట్టి మీ బాబాయి కొడుకు, ఇంకొకరు ఖాళీ చేతులతో ముందు ఎక్కాలి. సామాను వాళ్లకు అందించాలి. తర్వాత ఆడవాళ్లు, సంచి ముందుకు పొట్ట మీదకు తిప్పుకుని ఎక్కాలి. గట్టి మనిషి ఒకరు చివర ఎక్కాలి. దిగేటప్పుడు మొగల్‌సరాయ్‌లోనూ ఇదే వరుస. బోర్డు మీద ఇప్పుడు పండిత్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్ అని ఉంటుంది, 2018లో పేరు మారింది. పేరు తెలియక తలుపు దగ్గర తికమక పడే వాళ్లెందరో.

లోయర్ బెర్తు కింద ఇనుప రింగులుంటాయి. గొలుసును రింగులోంచి తీసి, సంచి పిడిలోంచి కూడా తీసి తాళం వేయండి. ఒక్క గొలుసుకు మూడు సంచులు కట్టొచ్చు. అయితే గొలుసు సంచిని కాపాడుతుంది, లోపలి వస్తువును కాదు. ప్లాస్టిక్ పళ్ల జిప్పుకు చిన్న తాళం వేసినా, పెన్ను మొనతో మధ్యలో గుచ్చితే జిప్పు విడిపోతుంది. రన్నరును ఒకసారి అటూ ఇటూ లాగితే మళ్లీ మూసుకుపోతుంది, తెరిచినట్టు ఆనవాలు కూడా ఉండదు. అందుకే సామాను సంచిలో బట్టలు, మందులు, పచ్చళ్లు మాత్రమే. పైసలు, కార్డులు ఒంటి మీదే.

నాగ్‌పూర్ దాటాక చీకటి పడుతుంది. కిటికీ పక్క పడుకునేవాళ్లు ఇనుప షట్టరు దించి, గడియ కింద దాకా పడిందో లేదో చేత్తో నొక్కి చూడాలి. స్టేషన్ బయట సిగ్నల్ కోసం రైలు నెమ్మదించినప్పుడు ఊచల సందులోంచి చెయ్యి దూర్చి గొలుసు లాగుతారు. షట్టరు పడి ఉంటే తల కిటికీ వైపే పెట్టుకోవడం మేలు, నడవా వైపు పెడితే పోయేవాడి చేతికి అందుతుంది. ఫోను ఛార్జింగ్‌కు పెట్టి నిద్రపోవద్దు. పోయే ఫోన్లలో చాలా వరకు ఆ ప్లగ్గుల దగ్గరివే. పవర్ బ్యాంకు కొనుక్కోండి. ప్లాట్‌ఫాం వైపు కిటికీ దగ్గర ఫోను మాట్లాడటం, రైలు కదిలే టైముకు అసలే వద్దు. లాక్కున్నవాడు ప్లాట్‌ఫాం మీద, మీరు కదిలే రైల్లో.

ప్రయాగ్‌రాజ్ దాటాక పగటిపూట రిజర్వేషన్ లేనివాళ్లు కూడా ఎక్కి మీ బెర్తు చివర కూర్చుంటారు. అందరూ దొంగలు కాదు, వాళ్లతో గొడవ పడాల్సిన పని లేదు. అప్పటికి సామానంతా ఒక్క బే (ఎదురెదురు బెర్తుల అర) లోకి చేర్చుకుని ఉంటే చాలు. వాళ్లిచ్చే చాయ్, బిస్కెట్లు మాత్రం తీసుకోవద్దు.

రైల్లో ఏదైనా పోతే రైల్వే హెల్ప్‌లైన్ 139కు ఫోన్ చేయండి. టీటీఈ దగ్గర, కోచ్ అటెండెంట్ దగ్గర ఫిర్యాదు ఫారం ఉంటుంది, అది నింపి ఇస్తే తర్వాతి రైల్వే పోలీస్ స్టేషన్‌కు చేరుతుంది. ఫిర్యాదు కోసం ప్రయాణం ఆపి దిగనక్కర్లేదు.

---

నిడమనూరు_దర్జీ

88 వేలు ఒక్క సంచిల అంటే అది దొంగకు కట్నం కట్టిచ్చినట్టే. నాయనకు ఎట్ల నచ్చజెప్పుతవో గని, ముందుగాల ఇది తెల్వాలె: *దాచే జేబు వేరు, చెయ్యి పెట్టే జేబు వేరు.* దాచిన జేబును నలుగుర్ల తెరవనే తెరవొద్దు. సత్రం గదిలనో, బాత్రూముల తలుపేసుకున్నంకనో తెరవాలె. దొంగ మన జేబులు దేవులాడడు. మనం ఎన్నిసార్లు ఎక్కడ తడుముకుంటమో చూస్తడు. "జేబుదొంగలున్నారు జాగ్రత్త" అని బోర్డు కనవడంగనే అందరు ఒక్కసారి జేబు తడుముతరు చూడు, వానికి అడ్రసు దొరికినట్టే.

జేబు కుట్టిచ్చే లెక్క చెప్త. ఇప్పటి 500 నోటు పొడుగు 150 మిల్లీమీటర్లు, అంటే ఆరు ఇంచులకు జరంత తక్కువ. వెడల్పు 66 మిల్లీమీటర్లు. నడుమకు మడిస్తే మూడు ఇంచులు. అందుకే జేబు వెడల్పు నాలుగున్నర, లోతు ఆరు ఇంచులు సాలు. అంతకన్న లోతు పెడితే చెయ్యి మణికట్టు దాకా దూర్చాలె, చీర కుచ్చిళ్లు కదులుతయి, మన అమ్మలకు చిరాకు వుట్టి రెండో రోజుకు పైసలు చేతిసంచిలకు మారుతయి. ఎక్కువ మంది దగ్గర జరిగే తప్పు గిదే.

ఆడోళ్లకైతే లోపలి లంగాకు కుడి పక్కన, నాడా కిందికి రెండు మూడు ఇంచుల కాడ కుట్టాలె. జేబు బరువు లంగా బట్ట మీద పడొద్దు. రెండు పట్టీలు తీసి నాడా పట్టీకి కలిపి కుట్టాలె, లేకుంటే నడుస్తుంటె లంగా ఒక పక్కకు జారుతది. బట్ట పాప్లిన్ రెండు పొరలు. కాన్వాసు వద్దు, మొద్దుగ ఉండి చీర మీదికెల్లి ఆకారం కనవడతది. మూతికి ఐదు ఇంచుల జిప్పు. వెల్‌క్రో కూడా మంచిదే, లాగితే చర్రుమని సప్పుడైతది, ఎవడన్న చెయ్యి పెడితే తెలుస్తది. కుట్టు రెండు వరుసలు ఎయ్యమనాలె.

మొగోళ్లల్ల ధోతి కట్టేటోళ్లకు పట్టాపట్టీల నిక్కరుకు ముందు దిక్కు జిప్పు జేబు. ప్యాంటు ఏసేటోళ్లకు నడుము పట్టీ లోపల చోర్ జేబు. జేబుల బనీను కూడ పనికొస్తది గని, గుండీ జేబైతేనే. అంగీ పై జేబుల మాత్రం ఏమీ పెట్టొద్దు. మనోళ్లు ఫోను, అద్దాలు, పైసలు అన్నీ అండ్లనే పెడ్తరు. లింగానికి మొక్కనీకి వంగితే సగం కింద పడ్తయి, మిగిలింది పక్కోని చేతికి అందుతది.

నోట్లను పాలిథిన్ కవర్ల ఏసి జేబుల పెట్టుండ్రి. చెమటకు, గంగ నీళ్లకు తడిసి ముద్దయితయి.

మెడల ఏసుకునే గుడ్డ సంచి గురించి అడుగుతరు. తాడు మెడ మీద కనవడితే దాని కంటె గుర్తు ఇంకోటి లేదు. ఒక్క బ్లేడు గీతకు తెగుతది. నడుముకు కట్టుకునే జిప్పు సంచి అయితే బకిల్ వెనక దిక్కు రావొద్దు. రెండు వేళ్లతోటి నొక్కితే ఊడుతది. బకిల్ ముందుకు తెచ్చుకొని, పెద్ద పిన్నీసు జిప్పు రన్నరు రంధ్రంల నుంచి సంచి బట్టకు గుచ్చాలె. పిన్నీసుతోటి దొంగతనం బందు కాదు. గని వానికి పది సెకన్లు పట్టే పని ముప్పై సెకన్లయితది, వాడు ఇంకొకళ్లను చూసుకుంటడు. బటువాకు రబ్బరుబ్యాండు రెండు చుట్లు సుట్టినా గంతే, జేబు బట్టకు పట్టుకుంటది, జారి రాదు.

---

పిల్లలమర్రి_అక్క

దర్జీ అన్న చెప్పింది బంగారం. బంగారం అంటే గుర్తొచ్చింది, పుస్తెల సంగతి ముందు తేల్చుకుందాం. అమ్మను పుస్తెలు తీయమంటే తీయదు, తీయమని అడగొద్దు కూడా. పుస్తెలను పసుపుతాడుకు ఎక్కించుకుని, బంగారు తాడును ఇంట్లోనో లాకర్లోనో పెట్టి రమ్మనండి. యాత్రలకు పోయేటప్పుడు మన దిక్కు చాలామంది ఇట్లనే చేస్తరు, సెంటిమెంటుకు అడ్డం రాదు. రోల్డుగోల్డు గొలుసు ఏసుకుంటే సరి అనుకోవద్దు. లాగేటోనికి అది గిల్టు అని తెలియదు. తెగకపోతే మెడ కోసుకుపోతది, మనిషి కింద పడ్తది. గాజులు కూడా మట్టివే.

కాశీలో జేబులు ఎక్కడ పోతయంటే గుడి లోపల కంటే గుడికి పోయే దారుల్లోనే ఎక్కువ. గొదౌలియా చౌరస్తా నుంచి దశాశ్వమేధ ఘాట్ దాకా ఉన్న బజారు, విశ్వనాథుని క్యూ మొదలయ్యే చోట్లు, కాలభైరవుని గుడి సందు. కాలభైరవుని దగ్గర గల్లీ సన్నం, లోపలి తలుపు ఇంకా సన్నం. దండ, నూనె, దీపం అన్నీ చేతుల్లో పట్టుకుని ఆ తలుపులో దూరాలె. అక్కడ పోయేముందు సంచులు సత్రంలోనే వదిలిపెట్టండి, దక్షిణకు కావలసిన చిల్లర మాత్రం కొంగుకు ముడేసుకోండి.

వాళ్లు ఒంటరిగా ఉండరు, ముగ్గురు నలుగురు ఉంటరు. ముందటోడు నడుస్తూ నడుస్తూ టక్కున ఆగుతడు, చెప్పు తెగినట్టు వంగుతడు. మనం వాని మీద పడతం. వెనకటోడు మన మీద పడతడు, ఆ తోపులోనే తీస్తడు. తీసిన సొమ్ము వాని దగ్గర అర నిమిషం కూడా ఉండదు, పక్క నుంచి ఎదురొచ్చే మూడో మనిషికి పోతది. అందుకే అనుమానం వచ్చిన మనిషిని పట్టుకుని వెతికినా ఏమీ దొరకదు, పైగా కొట్లాట మనకే. ఎవడన్నా ముందర ఆగితే మనం కూడా ఆగిపోవద్దు, పక్కకు జరిగి గోడకు వీపు పెట్టాలె. గోడ దిక్కు నుంచి ఎవ్వడూ చెయ్యి పెట్టలేడు.

కాశీ గల్లీల్లో ఈ తోపు కోసం దొంగలు కష్టపడే పని కూడా లేదు. ఎద్దు ఎదురొస్తే అందరూ గోడలకు అతుక్కుంటరు. మణికర్ణిక దిక్కు శవాన్ని మోసుకొస్తూ "రామ్ నామ్ సత్య హై" అని పిలుపు వినపడితే మనోళ్లు పక్కకు జరిగి రెండు చేతులు ఎత్తి దండం పెడ్తరు, కండ్లు మూసుకుంటరు. దండం పెట్టండి, కాని చేతిసంచి ముందే చంకలో గట్టిగ ఇరికించుకోండి. ఘాట్ మీద బొట్టు పెడ్తమని చెయ్యి పట్టుకునేటోళ్లు, ఉన్నట్టుండి మెడలో దండ ఏసేటోళ్లు కూడా ఉంటరు. అందరూ చెడ్డోళ్లు కాదు, పది రూపాయల కోసమే చాలామంది. ఐతే ఆ పది తీయనీకి మన బటువా బయటికొస్తది, అసలు సంగతి అక్కడే. బయటి జేబులో 10, 20, 50 నోట్లు మొత్తం కలిపి ఐదు వందలకు మించి ఉండొద్దు. బ్యాంకులో ముందే చిల్లర అడిగి తీసుకుని పోండి, కాశీలో చిల్లర కోసం పెద్ద నోటు తెరిచే పని పడదు.

గంగ హారతి మామూలుగ ఏ తిప్పలూ లేకుండ అయితది, మెట్ల మీద కూసుంటరు కాబట్టి. కష్టమంతా అయిపోయినంక. వేలమంది ఒక్కసారి లేచి ఒకే బజారు పట్టి గొదౌలియా దిక్కు పోతరు. మీరు లేవొద్దు. ఇరవై, ముప్పై నిమిషాలు కూసోండి. లేదా పడవలో హారతి చూసి, అదే పడవలో మీ సత్రం దగ్గరి ఘాట్‌లో దిగండి. కేదార ఘాట్, మానససరోవర్ ఘాట్ దిక్కు తెలుగు సత్రాలు ఉన్నయి కాబట్టి ఇది బాగా కుదురుతది.

గుడికి ఫోన్ల సంగతి. విశ్వనాథుని గుడిలోకి ఫోన్లు, స్మార్ట్ వాచీలు, సంచులు రానియ్యరు. గుడోళ్ల లాకర్లు ఉన్నయి. దారి పొడుగునా పూల దుకాణాలోళ్లు "ప్రసాదం కొనండి, లాకరు ఫ్రీ" అని పిలుస్తరు. మంచిది మాత్రం ఫోన్లన్నీ గదిలో పెట్టి తాళమేసి పోవడం. వేకువన దర్శనానికి పోతే ఫోనుతో పనేముంది? తప్పనిసరైతే దుకాణం లాకర్లో పెట్టేముందు ఫోను ఆఫ్ చేసి, తాళంచెవి మీ చేతిలోకి వచ్చిందో చూసుకుని, దుకాణం పేరు, గల్లీ, ఎన్ని ఫోన్లు పెట్టినరో కాగితం మీద రాసుకోండి. అన్ని దుకాణాలు ఒక్కతీరే కనపడతయి, తిరిగొచ్చేటప్పుడు వేరే గేటు నుంచి బయటపడితే దొరకవు.

ఇంకో సంగతి ఎవ్వరూ చెప్పరు. తనిఖీ దగ్గర ఆడోళ్ల వరుస వేరు, మొగోళ్ల వరుస వేరు. పైసలన్నీ నాన్న దగ్గరుంటే అమ్మోళ్ల చేతిలో ఆటోకు కూడా పైస ఉండదు. తప్పిపోతే ఎక్కడ కలవాలెనో ముందే ఖాయం చేసుకోండి. "గుడి ముందట" అంటే పనికిరాదు, గేటు నంబరు చెప్పుకోండి. అందరి దగ్గర సత్రం పేరు, వీధి, ఫోన్ నంబరు హిందీలో రాసిన చీటి ఉండాలె.

స్నానం: ఒకేసారి అందరూ దిగొద్దు. రెండు జట్లు. ఒక జట్టు మునుగుతుంటే ఇంకో జట్టు మెట్ల మీద సామాను నడుమల పెట్టుకుని చుట్టూ కూసోవాలె. సంచులు వెనక పెట్టుకుని గంగ దిక్కు చూస్తూ కూసుంటే లాభం లేదు. కార్తీకంలో తెల్లారకముందే స్నానాలు, చీకట్లో ఎవరి సంచి ఎవరిదో తెలియదు. అన్ని సంచులకు ఒకే రంగు రిబ్బను కట్టండి. మెరిసే వస్తువు, పండ్లు పైన కనపడితే దొంగ కంటే ముందు కోతి వస్తది. అది కండ్లద్దాలు కూడా వదలదు.

"పోలీసులం, ముందర దొంగలున్నరు, నగలు తీసి కాగితంల చుట్టి దాచుకోండి" అని మఫ్టీలో వచ్చి చెప్పేటోడు నూటికి నూరు పాళ్లు దొంగే. పొట్లం కట్టిచ్చేటప్పుడే మారుస్తడు, విప్పి చూస్తే రాళ్లు. అసలు పోలీసు నగలు తీయమని రోడ్డు మీద అడగడు. అట్లనే "మీ మీద ఏదో పడింది" అని తుడవ వచ్చేటోడు, "మీ పైసలు కింద పడ్డయి" అని చూపెట్టేటోడు. తుడిపించుకోవద్దు, వంగొద్దు, నడుస్తూ పోవాలె.

---

సాగర్_ఎడమకాల్వ

ఫోను, బ్యాంకు భాగం నేను చెప్తాను. ఇవాళ ఫోను పోతే పోయేది పదివేల ఫోను కాదు, అందులోని ఖాతా.

మేనత్తల ఫోను కవరు తీసి, కార్డు, చీటి ఈ రాత్రికే బయటికి తీయించండి. ఫోను, కార్డు, పిన్ను మూడూ ఒక్క చోట పెట్టాక దొంగకు తెలివి అక్కర్లేదు. పిన్ను రాసి పెట్టుకుని పోగొట్టుకుంటే అది మన నిర్లక్ష్యం కింద లెక్క, బ్యాంకుకు చెప్పేదాకా పోయినదంతా మన మీదే పడుతుంది.

బయల్దేరే ముందు చేయాల్సినవి. ప్రతి ఫోనులో \*#06# కొడితే ఆ ఫోనుకు గుర్తింపుగా ఉండే ఐఎంఈఐ నంబరు వస్తుంది, 15 అంకెలు. రెండు సిమ్ముల ఫోనుకు రెండు నంబర్లు. అవి రాసి ఇంట్లో నీ దగ్గర ఉంచుకో. స్క్రీన్ లాకు తప్పనిసరి, 1234 వద్దు. తాళం పడ్డ తెర మీద మెసేజ్ కనపడకుండా నోటిఫికేషన్ సెట్టింగులో మార్చాలి, లేకుంటే లాకు తీయకుండానే ఓటీపీ చదువుతాడు.

చాలామందికి తెలియనిది సిమ్ లాకు. ఫోనుకు లాకున్నా దొంగ సిమ్ము తీసి తన ఫోనులో వేసుకుంటే ఓటీపీలన్నీ అక్కడికే వస్తాయి. సెట్టింగుల్లో సెక్యూరిటీ దగ్గర సిమ్ కార్డ్ లాక్ ఉంటుంది, అక్కడ పిన్ను పెడితే వేరే ఫోనులో ఆ పిన్ను కొట్టందే సిమ్ము పని చేయదు. మూడుసార్లు తప్పు కొడితే సిమ్ము తాళం తీసే పీయూకే కోడు అడుగుతుంది, అది కంపెనీ నుంచి తీసుకోవాలి. కాబట్టి పెద్దవాళ్లకు సిమ్ పిన్ను పెట్టేటప్పుడు వాళ్లు మరిచిపోని నంబరు పెట్టు. ఫోను ఆఫ్ చేసి ఆన్ చేసిన ప్రతిసారీ అడుగుతుందని చూపించి మరీ పంపు. గుడి లాకర్ దగ్గర ఆఫ్ చేస్తారు కదా, తర్వాత అక్కడే గాబరా పడతారు.

యూపీఐ లైట్‌లో డబ్బు పెట్టొద్దు. అది పిన్ను లేకుండానే పోతుంది, ఒక్కో చెల్లింపు వెయ్యి వరకు, మొత్తం ఐదు వేల వరకు ఉంచుకునే వీలుంది. యాత్ర అయ్యేదాకా ఖాళీ చేసి పెట్టండి. కార్డును మెషిన్‌కు తాకించి (ట్యాప్) చెల్లించే పద్ధతి కూడా బ్యాంకు యాప్‌లో ఆపేయండి, ఐదు వేల దాకా పిన్ను అడగదు. ఏటీఎం రోజు పరిమితి ఐదు వేలకో పదివేలకో దించండి. యూపీఐ వాడే ఖాతాలో ఖర్చుకు సరిపడా మాత్రమే ఉంచి, మిగతాది ఆ ఫోనుకు జోడించని ఖాతాలో పెట్టండి.

పోయాక వరుస ఇది. ముందు పక్కవాళ్ల ఫోను నుంచి సిమ్ కంపెనీకి చెప్పి సిమ్ము బ్లాక్ చేయించండి. తర్వాత బ్యాంకుకు ఫోన్ చేసి కార్డు, యూపీఐ, నెట్ బ్యాంకింగ్ ఆపించి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. డబ్బు అప్పటికే కదిలి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి. మన తప్పు లేకుండా వేరేవాళ్లు చేసిన లావాదేవీని మూడు పని దినాల్లోపు చెప్తే మన మీద భారం పడదని ఆర్‌బీఐ 2017లోనే చెప్పింది. ఫోనులో గూగుల్ ఖాతా ఉంటుంది కాబట్టి పోయిన ఫోనును వెతికే గూగుల్ ఫైండ్ సర్వీసు నుంచి నువ్వు దేవరకొండలో కూర్చునే ఫోనుకు తాళం వేయొచ్చు. పెద్దవాళ్ల జీమెయిల్ పాస్‌వర్డు ముందే తెలుసుకుని, ఒకసారి నీ ఫోనులోంచి చేసి చూడు.

ఆ తర్వాత పోలీసు స్టేషన్. పోయిన ఫోన్లు పనిచేయకుండా ఆపే ప్రభుత్వ వెబ్‌సైట్ సీఈఐఆర్ పోర్టల్‌లో ఫోనును బ్లాక్ చేయాలంటే ఫిర్యాదు కాపీ కావాలి.

---

పాలమూరు_పట్టాలు

ఒక్క మాట కలుపుతున్నా. రైల్లో పోయిందో, స్టేషన్ బయట పోయిందో తేలకపోతే "మా హద్దు కాదు" అని తిప్పుతారు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎన్ఎస్ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 173వ సెక్షన్ ప్రకారం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి, దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. ఇంకొకటి, దొంగతనమైతే "పోయింది" అని కాకుండా "దొంగిలించారు" అనే రాయించండి. సిమ్ముకు, సీఈఐఆర్‌కు ఏది రాసినా నడుస్తుంది, ఫోనుకు ఇన్సూరెన్స్ ఉంటే మాత్రం "పోయింది" అన్న కాగితం పనికిరాదు.

---

దేవరకొండ_చిన్నోడు

అందరికీ దండాలు. దర్జీ అన్నా, లంగాలు నలుగురివి రేపే ఇస్త. నాన్న మాత్రం ఇంకా సంచి ఇడువడు. 88 వేలు ఎట్ల పంచాలె? సీఈఐఆర్‌ల ఫోను బ్లాక్ చేస్తే, మళ్ల దొరికితే పనికొస్తదా?

---

నిడమనూరు_దర్జీ

సత్రం, పడవ, ఆటో అన్నీ మీ బాబాయి కొడుకు ఫోనుల నుంచి కట్టాలె. దానికి ముప్పై వేలు వాని ఖాతల ఏసేయండ్రి. నాయన పేరు మీద ఖాతల ఇంకో ఇరవై ఐదు వేలు, కార్డు ఆయన దగ్గరనే. మిగిలిన 33 వేలు పదకొండు మందికి మూడేసి వేలు, ఎవల దాచే జేబుల వాళ్లకు. ఎక్కడ పోయినా మూడు వేలే పోతయి. ఏటీఎంల తీసేదుంటే పగటి పూట, బ్యాంకు లోపలి మెషిన్ల. నాయనకు సంచి ముచ్చట ఉంటె సంచి ఇయ్యి, అండ్ల మందులు, వక్కాకు పెట్టుకోమను.

---

సాగర్_ఎడమకాల్వ

దొరికితే పనికొస్తుంది. బ్లాక్ చేసినప్పుడు ఒక రిక్వెస్ట్ ఐడీ ఇస్తుంది, దాంతోనే అన్‌బ్లాక్ చేయాలి, అది రాసి పెట్టుకో. పోర్టల్ ఓటీపీ అడుగుతుంది కాబట్టి ముందు అదే నంబరుతో డూప్లికేట్ సిమ్ము తీసుకోవాలి. కొత్త సిమ్ముకు మొదటి 24 గంటలు మెసేజ్‌లు రావు, అంటే ఓటీపీ కూడా రాదు. వాళ్లు కాశీలో ఉండగా సిమ్ము దుకాణాలు తిరగకుండా, ఫిర్యాదు కాపీ ఫోటో తీసి నీకు పంపమను. సిమ్ము ఎవరి పేరు మీద ఉందో ఆ మనిషే ఆధార్‌తో పోయి వేలిముద్ర వేయాలి కాబట్టి, అది ఊరికొచ్చాక తీసుకోవచ్చు. అప్పటిదాకా పాత సిమ్ము బ్లాక్‌లో ఉంటే చాలు. అందుకే ఇప్పుడే ఒకసారి చూడు, మేనత్తల సిమ్ములు వాళ్ల పేరు మీదే ఉన్నాయా, ఇంకెవరి పేరు మీదన్నా ఉన్నాయా అని.